కడగొద్దన్న డబ్బాలు

ఆ ఇంట్లో డబ్బా ఖాళీ అయితే దాస్తారు, మనిషి ఖాళీగా కనిపిస్తే పని చెబుతారు. ఆ ఆదివారం పొద్దున కోడలు వంటింటి గట్టు ముందు నిలబడి డబ్బాలు పరీక్షిస్తుంటే మాత్రం అదొక పనేనని ఎవరికీ తోచలేదు. అడుగు అలమరలోంచి ఒక్కొక్కటే తీసి, నీళ్ళు నింపి, మూత బిగించి, పాత దినపత్రిక మీద తలకిందులుగా నిలబెడుతోంది. కాగితం తడిస్తే ఆ డబ్బా పనికిరాదు. తడవకపోతే మూత తీసి వాసన చూస్తోంది. జామ్ సీసాలో జామ్ అయిపోయి ఏడాదైనా వాసన అయిపోలేదు. కాఫీపొడి డబ్బా ఎన్నిసార్లు తోమినా కాఫీపొడి డబ్బానే. ఐస్‌క్రీమ్ డబ్బా మూత టక్కుమని బిగుసుకుని, ఒక మూల నుంచి మెల్లగా ఏడవడం మొదలుపెట్టింది. దగ్గుమందు గాజు సీసా ఒకటి మర్యాదగా నిలబడింది గానీ, దాని మెడ మరీ సన్నం. లోపలికి వేలు పోదు. వేలు పోని చోటికి శుభ్రం కూడా పోదని ఆమె లెక్క.

పాపకి అయిదో నెల. ఆమె సెలవు అయిపోవచ్చింది. పైవారం నుంచి ఉద్యోగంలో చేరాలి, పాపకి పాలు పిండి దాచి వెళ్ళాలి. కాన్పయి ఇంటికి వచ్చేరోజు నర్సు ఈ సంగతే చెప్పి పంపింది. "గాజుదైనా సరే, తిండి కోసం చేసిన గట్టి ప్లాస్టిక్‌దైనా సరే, చిన్నవి చూసుకో తల్లీ. ఒక పూటకి సరిపోయేలా ఉండాలి. మూత గట్టిగా పట్టాలి. వేడినీళ్ళూ సబ్బూ పెట్టి కడిగి, బాగా ఆరాకే పాలు పొయ్యి. మీద తేదీ వెయ్యి. ఫ్రిజ్ తలుపులో కాదు, బాగా లోపలికి పెట్టు." ఆమె ఆ మాటలన్నీ ఒకసారి విని గుర్తుపెట్టుకుంది. మరిచిపోయే మనిషి కాదు. కూర తరిగితే ముక్కలన్నీ ఒక్క కొలతలో ఉండాలి, తువ్వాలు మడత పెడితే అంచు అంచుకి కలవాలి. "కాలేజీలో ఇదే చదువు చెప్పారు కాబోలు" అని అత్తగారు నవ్వుతూనే అనేది, ఆ మడతపెట్టిన తువ్వాళ్ళే వాడుకుంటూ.

"చిన్న గాజు సీసాలు ఓ అరడజను కొనుక్కుందామండీ" అంది ఆమె భర్తతో.

అత్తగారు గుమ్మంలోంచే అందుకుంది. "ఈ ఇంట్లో డబ్బాలకి కరువొచ్చిందా అమ్మాయ్? నా పిల్లలిద్దరూ నా ఒళ్ళోనే తాగి పెరిగారు. డబ్బాలో పాలు పట్టించుకోవాల్సిన ఖర్మ వాళ్ళకేం పట్టలేదు."

"మీరు ఇంట్లోనే ఉన్నారు కదా అత్తయ్యా."

"అదే నేనూ చెప్పేది."

భర్త పేపర్లోంచి తలెత్తలేదు. అతను ఊళ్ళో ఓ రక్తపరీక్షల ల్యాబ్‌లో టెక్నీషియన్. వాళ్ళమ్మ దృష్టిలో మాత్రం డాక్టరే. "మా డాక్టరొచ్చాడు, కంచం పెట్టు" అంటుంది. "డబ్బాల సంగతి నాకొదిలెయ్" అన్నాడు పేజీ తిప్పుతూ. మర్నాడు సాయంత్రం సంచినిండా తెచ్చి బల్ల మీద గుమ్మరించాడు. తెల్ల మూతల చిన్న డబ్బాలు. ఒక్కోటీ విడివిడిగా ప్లాస్టిక్ కవర్లో సీలు వేసి ఉంది. పక్కన కొలత గీతలు. ముందువైపు పేరు, వయసు, తేదీ రాయడానికి ఖాళీ.

అవేమిటో ఆమెకి చూడగానే తెలిసింది. గర్భంతో ఉన్నప్పుడు నెలనెలా అలాంటి డబ్బానే చేతికిచ్చి బాత్‌రూమ్‌లోకి పంపేవారు.

"ఇవి... వాటికి కదా?"

"వాటికే. అయితే ఏం? కొత్తవి. స్టెరైల్. నీ గాజు సీసాల్ని పదిసార్లు మరగబెట్టినా ఇంత శుభ్రం రాదు."

"పోనీ ఓసారి వేడినీళ్ళతో..."

"అదిగో, మళ్ళీ మొదలు! కడగొద్దు. కడిగితే ఉన్న శుభ్రం కాస్తా పోతుంది. సీలు తియ్యడం, పొయ్యడం, మూత బిగించడం. అంతే. వాడాక పారెయ్, ఇంకోటి తీసుకో. నర్సుకి తెలిసినపాటి నాకు తెలీదంటావా?"

"మా డాక్టరు చెబుతున్నాడుగా" అంది అత్తగారు.

నిజమే, అతను రోజూ చేసే పని అదే. పైగా అతను ఇంటి పని ఒకటి తనంతట తాను నెత్తిన వేసుకోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి. కాదంటే మళ్ళీ ఇంకెప్పుడైనా చేస్తాడా? ఈ ఆలోచనే ఆమెని లొంగదీసింది. మొగుడు ఓ మంచినీళ్ళ గ్లాసు తీసి సింకులో వేస్తే పండగలా సంబరపడే అలవాటు ఆడవాళ్ళకి ఎవరు నేర్పారో గానీ, ఆమెకీ బాగానే వచ్చింది.

ఆమె ఉద్యోగం నీటి సరఫరా ఆఫీసులో. ఫోను ఎత్తి జనం ఫిర్యాదులు రాసుకోవడం. "మా కుళాయిలో నీళ్ళు వాసనొస్తున్నాయి" అంటారెవరో. "రంగెలా ఉందండీ? ఎప్పటినుంచి? ఎవరైనా తాగారా?" అని ఆమె అడగాలి. తిట్టినవాళ్ళ చేత తిట్లు తిని మరీ అడగాలి. మధ్యలో రెండుసార్లు లేచి పాత ఫైళ్ళ గదిలోకి వెళ్ళేది. ఆ గదికి గడియ లేదు. తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని, ఆ కుర్చీలోనే తన బరువంతా వేసి కూర్చుని పాలు పిండుకునేది. ట్యూబులైటు ఎప్పుడో పోయింది. పైన గాలి కంతలోంచి వచ్చే వెలుగే వెలుగు. పిండుకుంటున్నంతసేపూ చెవులు తలుపు మీదే ఉండేవి. బయట ఎవరో ఒకరు ఫైలు కోసం తలుపు నెట్టేవాళ్ళు. కుర్చీతో సహా ఆమె ముందుకి జరిగేది. "ఒక్క నిమిషమండీ!" అని ఆమె లోపల్నుంచి అరిస్తే, బయట నవ్వు వినిపించేది. ఆ నవ్వు వినగానే రొమ్ముల్లో పాలు గడ్డకట్టినట్టు ఆగిపోయేవి. పాలకి కూడా సిగ్గుంటుందని ఆమెకి అక్కడే తెలిసింది.

మొదట్లో ఆ డబ్బాని ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టింది. అన్నాల వేళ హెడ్ క్లర్కు ఫ్రిజ్ తలుపు తెరిచి అందరూ వినేలా, "ఏమ్మా, ఇది వాటర్ డిపార్టుమెంటనుకున్నావా, పరీక్షల డిపార్టుమెంటనుకున్నావా? ఈ డబ్బా చూశాక అన్నం ఎలా దిగుతుంది మాకు?" అన్నాడు. నలుగురూ నవ్వారు. టైపిస్టు ఒకావిడ మాత్రం నవ్వకుండా, నవ్వొద్దని కూడా అనకుండా కంచంలోకి తలొంచుకుంది. మర్నాటి నుంచి ఆమె ఐస్‌గడ్డలు వేసిన సంచి తెచ్చుకుని, బల్ల కింద కాళ్ళ దగ్గర పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే భర్త కూడా నవ్వాడు. "వాళ్ళకి సైన్సు తెలీదు" అన్నాడు.

ఇంట్లో అత్తగారు పారేసిన తెల్ల డబ్బాలన్నీ ఏరి, కడిగి, కిటికీలో ఆరబెట్టి, వాటిలో గుండీలూ సూదులూ పోసుకుంది. పాపకి పాలు పట్టడం ఆవిడ పని. పట్టేది, కాదనకూడదు. పట్టినంతసేపూ, "మీ అమ్మ నీకు డబ్బాలో పంపించిందే తల్లీ" అని పాపతో చెప్పేది. పాపకి చెప్పిన మాటలన్నీ కోడలి కోసమేనని పాపకి తప్ప ఇంట్లో అందరికీ తెలుసు.

తెల్ల మూతలవి అయిపోయాయి. భర్త మళ్ళీ తెచ్చాడు. ఈసారి ఎర్ర మూతలు. "రంగు మారిందేం?" అని అడిగింది. "పెట్టెలో అవే దొరికాయి. మూత రంగుతో పాలు తాగుతుందా పిల్ల?" అన్నాడు. ఆమె తన ప్రశ్నకి తనే కాస్త సిగ్గుపడింది.

ఆ వారం మొదట్లో పాప పాలు కక్కడం మొదలుపెట్టింది. అత్తగారు పళ్ళొచ్చే వేళ అంతేనంది. మర్నాటికి విరేచనాలు. బుగ్గలూ, తొడలూ ఎర్రగా కందాయి. ఏడుపు పలచబడింది. అప్పుడు మొదలైంది పంచాయితీ. "ఎండలో తిరిగొచ్చి ఇస్తే పాలు వేడి చెయ్యవూ?" అంది అత్తగారు. "ఆఫీసులో ఏం తిన్నావు? బయటివి తింటున్నావా?" అన్నాడు భర్త. అందరి వేళ్ళూ ఆమె పాలవైపే తిరిగాయి. డబ్బావైపు ఒక్క వేలూ తిరగలేదు. ఆమె వేలు కూడా. కారం మానేసింది, కాఫీ మానేసింది, చివరికి మజ్జిగన్నం ఒక్కటే తిని ఆఫీసుకి వెళ్ళి, ఫోనులో ఎవరినో "రంగెలా ఉందండీ? ఎప్పటినుంచి? ఎవరైనా తాగారా?" అని అడుగుతూ, ఇంట్లో ఇంకా తన ఒంటినే అనుమానిస్తూ మూడు పూటలు గడిపింది. తనలో ఏదో చెడిపోయిందని ఎవరైనా చెబితే నమ్మడం ఆమెకి అంత సులువు. పాప తక్కువ బరువుతో పుట్టినప్పుడు "సరిగ్గా తినలేదు" అన్నారు, నమ్మింది. పాప రాత్రిళ్ళు ఏడిస్తే "దగ్గరికి తీసుకోవడం రాదు" అన్నారు, నమ్మింది. ఆడదాని ఒళ్ళు ఇంట్లో అందరికీ ఉమ్మడి ఆస్తి. బాగున్నప్పుడు అందరిదీ, తేడా వస్తే ఆమె ఒక్కదానిదే.

శుక్రవారం పొద్దున పాప మెడ నిలపలేక ఆమె భుజం మీద వాలిపోయింది. ఆఫీసుకి సెలవు చెప్పింది. రొమ్ము పట్టకుండా నిద్రలోకి జారిపోతున్న పిల్లని అత్తగారి ఒళ్ళో పెట్టి, బిగుసుకున్న పాలు పిండుదామని కిటికీ దగ్గర కూర్చుంది. ఎర్ర మూత డబ్బా సీలు చించి, మూత తీసి, ఇన్నాళ్ళలో మొదటిసారి వెలుగులో లోపలికి చూసింది. అడుగున చిటికెడు తెల్లటి పొడి. డబ్బా వంచితే ఆ పొడి ఇటు జారింది. తిప్పితే అటు జారింది. ఇంకోటి చించింది. అందులోనూ ఉంది. మూడోదాంట్లోనూ ఉంది. చించిన కవరు కిటికీకి అడ్డంగా పట్టుకుని, దాని మీద చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంది. మూత్ర పరీక్షకి మాత్రమే. లోపల మందు కలిపి ఉంది. నోటిలోకి వెళ్ళకూడదు.

బాత్‌రూమ్‌లో భర్త గడ్డం గీసుకుంటూ ఏదో ఈల వేస్తున్నాడు.

"ఏవండీ, ఓసారి ఇటు రండి."

నురగ మొహంతోనే వచ్చాడు. ఆమె డబ్బా వంచి చూపించింది. అతని మొహం మీద నురగ లేనంత మేరా నురగ రంగుకి తిరిగింది. శాంపిల్ పాడవకుండా, క్రిములు పెరగకుండా వేసే పొడి అది. ఆ సంగతి తెలిసిన మనిషి ఆ గదిలో అతనొక్కడే.

"ఎన్ని వాడావు?" అన్నాడు.

పాప ఎలా ఉందని కాదు. అయ్యో అని కాదు. ఎన్ని వాడావు.

"సోమవారం నుంచి ఆఫీసులో పిండినవన్నీ ఇందులోనే."

"లోపల చూసుకోవద్దూ? కళ్ళు లేవా నీకు?"

"కడగొద్దన్నారు."

అత్తగారు పాపని గుండెకి హత్తుకుని లేచి నిలబడింది. "ఏమైందిరా? ఏంటా పొడి?" అతను చొక్కా వెతుక్కున్నాడు. గడప దాటుతుంటే ఆవిడకి సగం అర్థమైంది, మిగతా సగం భయమే చెప్పింది కాబోలు, పాపని అందించి కోడలి చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, ఆస్పత్రిలో ఏవేవో వాగకు. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉండనీ" అంది. ఆవిడ కళ్ళలో నీళ్ళున్నాయి. ఆ నీళ్ళు పాప కోసమూ నిజమే, కొడుకు కోసమూ నిజమే.

ఆటోలో అతను డ్రైవరుకి వినబడకుండా మెల్లగా మాట్లాడాడు. గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా ఉంది. "చూడు, ల్యాబ్‌లో స్టాకు చెప్పకుండా తెచ్చానని తెలిస్తే ఉన్నపళంగా పంపించేస్తారు. మళ్ళీ ఇంకెక్కడా చేర్చుకోరు. నువ్వే నా బ్యాగులోంచి తీసుకున్నావని చెప్పు. నాకు తెలీదని చెప్పు. ఒకటే వాడానని చెప్పు. నీకేం, నిన్నెవరేం చేస్తారు? తల్లివి, తెలీక చేశావంటారు. మహా అయితే ఓ మాటంటారు."

"పాపకి..."

"పాపకేం కాదు. నేను చెబుతున్నా కదా."

ఆమె పాప నోటి దగ్గర తన వేలు పెట్టి చూసుకుంటోంది, ఊపిరి తగులుతోందా లేదా అని. అవునని అనలేదు, కాదనీ అనలేదు. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె ఊరుకుంటే అతను అవుననే అనుకుంటాడు.

పిల్లల డాక్టరమ్మ నడివయసు మనిషి. పాపని బల్ల మీద పడుకోబెట్టి, కనురెప్పలు ఎత్తి చూసింది, పొట్ట నొక్కింది, కందిన తొడల మీద వేలితో అదిమి చూసింది. నర్సు పాపని ఎత్తుకుని బరువు చూడ్డానికి పక్కగదిలోకి తీసుకెళ్ళింది.

"ఏం పట్టారు పిల్లకి?"

భర్త ముందుకి జరిగాడు. "నేను ల్యాబ్‌లో చేస్తానండీ. నా బ్యాగులో శాంపిల్ డబ్బాలుంటే ఈవిడ తీసి పాలు పోసిందండీ. లోపల పొడి ఉందని చూసుకోలేదు. నాకు ఇవాళే తెలిసింది."

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి ఆమెవైపు తిరిగింది. "చదువుకున్నారా?"

"బీయే అండీ."

"బీయే! ఏ డబ్బాలో పాలు పోస్తున్నామో, అది దేనికోసం చేసిందో చూసుకోరా? కనీసం కడగాలని కూడా తోచలేదా? కుక్కపిల్లకి గిన్నె పెట్టినా ఓసారి తొలిచి పెడతామే!"

ఆ మాట ఆమె గుండెలో సూటిగా దిగింది. కడగాలని తోచని మనిషి తను! అప్పుడు ఆమె భుజం మీద ఓ చెయ్యి పడింది. భర్తది. వెచ్చగా, బరువుగా, ఓదార్పుగా. "పోన్లెండి డాక్టరుగారూ. పచ్చి బాలెంతరాలు, ఆఫీసు హడావుడి, తెలీక చేసింది. ఇంట్లో ఎవరం ఏమీ అనలేదు" అన్నాడు. అతను ఆమెని క్షమిస్తున్నాడు. నలుగురిలో, అంత పెద్ద మనసుతో. అతని బొటనవేలు మాత్రం ఆమె మెడ పక్కన చిన్నగా నొక్కుతోంది, గుర్తుంది కదా అన్నట్టు.

"ఎన్ని పట్టారు?"

"నిన్న ఒక్కటేనండీ" అన్నాడతను.

డాక్టరమ్మ ఊపిరి వదిలింది. "ఒక్కటే అయితే అంత భయం లేదు. ఒంట్లో నీళ్ళు తగ్గకుండా చూసుకుంటూ ఇంట్లోనే ఉంచి చూడొచ్చు. ఎక్కువ వెళ్ళి ఉంటే మాత్రం రక్తం తీసి చూడాలి, కిడ్నీలు చూడాలి, ఇక్కడే ఉంచుకోవాలి. సరే, మందులు రాస్తాను" అని కలం అందుకుంది.

ఆమె ఆ కలం వైపే చూస్తోంది. ఎంత చిన్న అబద్ధం. ఒక్కటి. అది ఒప్పుకుంటే అందరూ ఇంటికెళ్ళిపోవచ్చు. అతను సోమవారం ల్యాబ్‌కి వెళ్ళొచ్చు, అత్తగారు వీధిలో తలెత్తుకు తిరగొచ్చు, తనకి తెలివిలేనిదన్న పేరొకటి మిగులుతుంది, అంతేగా, ఇన్ని మోసింది, పైన ఇదొకటి బరువా? ఇన్నాళ్ళూ తను మోసిన నిందలన్నీ ఇలాగే చిన్నవిగా, తేలిగ్గా, ఒప్పుకుంటే అయిపోయేవిగా ఉండేవి. పోయేది తన పేరొక్కటే అనుకునేది. కూర మాడితే తప్పు తనది, అతను బండి తాళాలు మరిచిపోతే గుర్తుచెయ్యని తనది, పిల్ల బరువు తక్కువైతే తనది. ఏదైనా సరే తన మీద వేసుకుంటే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందనుకునేది. ఆ ప్రశాంతత ఖరీదు ఇప్పుడు పిల్ల ఒంట్లో ఉంది. డాక్టరమ్మ రాసే మందు తన ఒంటికి కాదు. ఆ లెక్క తప్పితే ఆ తప్పు మోయాల్సింది మాటలు కూడా రాని ఓ ప్రాణం. పక్కగదిలోంచి పాప ఏడుపు వినబడింది, పిల్లికూనలా, సగంలో ఆగిపోతూ.

ఆమె భుజం మీది చేతిని తీసి పక్కన పెట్టింది. విసరలేదు. బల్ల మీద ఎవరిదో వస్తువుంటే జరిపినట్టు జరిపింది.

"ఒక్కటి కాదండీ" అంది. "సోమవారం నుంచి రోజూ ఆఫీసులో పిండి, మర్నాడు పట్టే పాలన్నీ వాటిలోవే. కక్కుకున్నవి పోగా ఎంత లోపలికెళ్ళిందో నాకు తెలీదు."

"ఏమిటి నువ్వనేది! కంగారులో ఏదో..." భర్త నవ్వబోయాడు.

"డబ్బాలు నేను తీసుకోలేదు. ఆయనే తెచ్చారు. కడుగుతానంటే కడగొద్దన్నారు. ఇది చూడండి." చేతిసంచిలోంచి సీలు తియ్యని డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

డాక్టరమ్మ కలం మూత పెట్టేసింది. కవరు మీది అక్షరాలు చదివింది. ఆమెవైపు చూసింది, తర్వాత అతనివైపు చూసింది. చూపులో ఇందాకటి తిట్టు లేదు, జాలి కూడా లేదు. పని ఉంది. "నర్సమ్మా, పాపని అడ్మిట్ చేస్తున్నాం. రక్తం తీయడానికి సిద్ధం చెయ్యి" అని కేకేసి, "పొడి ఒక్కో డబ్బాలో ఎంత వేస్తారో ఇందులో రాయలేదు. అది తెలిస్తే నాకు లెక్క తేలుతుంది. ఏ ల్యాబ్ మీది? వాళ్ళని ఇప్పుడే అడుగుతాను" అంది అతనితో, ఫోను అందుకుంటూ.

అతను నేలమీది పలకల గీతల్ని చూస్తున్నాడు. ఒకసారి ఆమెవైపు తలెత్తాడు. ఆ మొహం నిండా బతిమాలుకోవడమే. పెళ్ళయ్యాక అతను ఆమెని ఏదైనా బతిమాలడం అదే మొదటిసారి. ఆమెకి జాలేసింది. నిజంగానే వేసింది.

"ల్యాబ్ పేరు చెప్పండి, టైము పోతోంది" అంది డాక్టరమ్మ.

"ఆయన చెప్పలేరు లెండి, ఆయన ఉద్యోగం అక్కడే" అంది ఆమె. "నంబరు నేను చెబుతాను, రాసుకోండి."